ఖాళీ టాంకి

జీడిమెట్ల నుంచి లారీల వచ్చింది టాంకి.
ఏ మందుల కంపెనీదో,
పేరు మీద నల్లరంగు పూసిన్రు.
"ఖాళీదే, కొయ్యున్రి" అన్నడు సేటు
పాన్ నములుకుంటనే.

గౌస్ ఉస్తాద్ దాని పొట్టమీద
నడిమివేలు మడిచి రెండుసార్లు కొట్టిండు,
ఎవరింటి తలుపో తట్టినట్టు.
చెవి ఆనిచ్చి నిలబడ్డడు కొంచెంసేపు.
"మోటరెయ్యి. నీళ్లు నింపు" అన్నడు నాతోని.

మూసాపేటల ఈ యార్డుకొచ్చి పదకొండేండ్లు.
మొదటి ఆర్నెల్లు టార్చి ముట్టనియ్యలే.
పైపులు మోసుడు,
సిలిండర్లు నిలవెట్టి గొలుసేసుడు,
సబ్బు నురుగు పూసి బుడగ లేస్తదా అని చూసుడు,
ఎల్లిపాయ వాసనొస్తే వాల్వు కట్టేసి ఉరుకుడు.
నల్లది ఆక్సిజన్, వక్కరంగుది గ్యాసు.
నల్లదాని మూతి బిర్రుగుందని
ఒకనాడు గిరీసు చుక్క పెట్టబోయిన,
చెంప చెళ్లుమన్నది.
"నూనె తగిల్తే దానికి అగ్గిపుల్ల అక్కర్లేదురా!"
ఆ దెబ్బకు నాకు కోపమొచ్చింది.
నిజం చెప్పాల్నంటే
ఇంకా కొంచెముంది.

టార్చి చేతికొచ్చినంక తెలిసింది,
ఇనుమును కోసేది మంట కాదని.
మంట ఉత్తగ వెచ్చవెడ్తది,
అంచు మోదుగుపువ్వు రంగుకొచ్చేదాక.
అప్పుడు మీట నొక్కితే
గాలి దూకుతది లోపలికి,
ఇనుము తనకు తానే కాలుడు మొదలువెడ్తది.
మనం తొవ్వ చూపుడే.

ఏమేం కొయ్యలే ఈ చేతులతోని!
ఆజామాబాద్ల మూతబడ్డ మిల్లు బాయిలరు,
సనత్‌నగర్ షెడ్డు దూలాలు,
లెక్కలేనన్ని సిటీ బస్సులు.
ఒక బస్సుల, ఎనకసీటు రేకుమీద
మేకుతోని గీకిన పేరుండె.
గీత దాని నడిమికెల్లే పోయింది:
'సువ' ఒక కుప్పల, 'ర్ణ' ఇంకో కుప్పల.
ఆపుదామనుకున్న. అప్పటికే కోసిన.

జింకు పూసిన రేకులు కోసిన రాత్రి
చలిజరం, నోట్ల రూపాయిబిళ్ల నాకినట్టు తీపి.
బెల్లం తిను, పాలు తాగు అన్నరు అందరు.
తిన్న. తాగిన.
జరం దాని టైముకే పోయింది.
మొన్న ఎల్లేషు, కొత్త పోరడు,
అన్న పెండ్లికి కుట్టిచ్చుకున్న టెరికాట్ ప్యాంటేసుకొని పనికొచ్చిండు.
రవ్వ పడ్డకాడ బట్ట కాలలే,
కరిగింది,
తోలుకంటుకొని ఊడిరాలే.

ఉస్తాద్‌కు ఎడమ చెవి ఇనరాదు.
ఇరవై ఏండ్ల కింద, కాటేదాన్ల,
ఆయన జోడు పనోడు శంషుద్దీన్
ఖాళీ పీపా అంటే నమ్మి మంటవెట్టిండట.
అడుగున అరగిలాస తిన్నరు గూడ లేదట.
ఇది వేరేటోళ్లు చెప్పిన ముచ్చట.
ఉస్తాద్ ఎన్నడు చెప్పలే.
చాయ్ తాగినంక మాత్రం
గిలాస బోర్లించనిది లేవడు.

ఎండకాలం, బోరు సన్నగొస్తది.
రెండువేల లీటర్ల కడుపు.
ముందుగాల నీళ్లు పడుతుంటే డప్పు లెక్క మోగింది,
పగటాలకు గొంతు దిగింది,
చాయ్ టైముకు గొణుగుడే మిగిలింది.
సేటు రెండుసార్లొచ్చి ఫోన్ల టైము చూసుకున్నడు.
"ఇట్లయితే సగం రోజు కూలి కోస్త" అన్నడు.
"కొయ్యి సాబ్" అన్నడు ఉస్తాద్,
"అది కోస్తె పేలదు."

నీళ్లకన్న ముందు వాసనొచ్చింది బయటికి.
కండ్లు మండినయ్.
ఖాళీ అన్న సేటు
దస్తీ ముక్కుకు పెట్టుకొని
గేటుదాక పోయిండు.
అంచుకాడ రంగురంగుల పొర తేలి,
తొణికి, మట్టిలకు జారింది.

ఉస్తాద్ మళ్ల వేలు మడిచి కొట్టిండు.
చెవి, ఇనొచ్చే చెవి, ఆనిచ్చిండు.
ఈసారి లోపల్నుంచి ఎవరు పలకలే.

"ఊ" అన్నడు.
పచ్చ అద్దాలు కండ్లమీదికి దించుకున్న.